నిండుకున్న తొట్టి

తెనాలి దగ్గర ఒక పసుపు పొడి ఫ్యాక్టరీలో కిరీటి అనే కుర్ర ఇంజనీరు ఉండేవాడు. పని బాగా వచ్చినవాడే గాని, అర్థం కాని మాటకు కూడా "అర్థమైంది" అని తల ఊపే అలవాటు అతనికి ఉండేది.

ఆ అలవాటు ఊరికే రాలేదు. కిరీటి తాతగారు ఎప్పుడో బతుకుతెరువు కోసం భిలాయి వెళ్లి అక్కడే ఉండిపోయారు. కిరీటి పుట్టిందీ పెరిగిందీ చదివిందీ అక్కడే. ఇంట్లో మాట్లాడేది తెలుగే గాని, అందులో సగం హిందీ. ఉద్యోగంలో చేరిన మొదటి రోజున మేనేజరు పూర్ణానందం గారు ఎదురైతే, "నువ్వు ఎప్పుడొచ్చావు?" అని ఎంతో ప్రేమగా పలకరించాడు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. పూర్ణానందం గారు కూడా నవ్వి, భుజం తట్టి వెళ్లిపోయారు. సాయంత్రానికల్లా అందరూ ఆ సంగతి మరిచిపోయారు. కిరీటి మాత్రం మరిచిపోలేదు. ఆ రోజు నుంచి తెలియని తెలుగు మాట వినబడితే అర్థం అడగడం మానేశాడు. తల ఊపడం మొదలుపెట్టాడు. తల ఊపితే ఎవరూ నవ్వరు కదా.

ఆ ఫ్యాక్టరీలో పొట్లాలు కట్టే పెద్ద మిషన్ ఒకటి ఉండేది. పైన అటక మీద పెద్ద తొట్టి, దాని కింద ఒక గొట్టం, గొట్టం కింద చిన్న తొట్టి. పెద్ద తొట్టిలో పోసిన పసుపు గొట్టంలోంచి చిన్న తొట్టిలోకి జారేది. అక్కడి నుంచి కొలత ప్రకారం పొట్లాల్లో పడేది. పొట్లం మూతి దానంతట అదే అతుక్కునేది. పొట్లాలు వెనక వైపు పెట్టెలో పడేవి, పెట్టెకు టేపు అంటుకునేది. ఇక మనిషి వచ్చి లారీలోకి ఎక్కించడమే తరువాయి.

చిన్న తొట్టిలో ఒక సెన్సరు ఉండేది. దాన్ని అందరూ 'కన్ను' అనేవారు. తొట్టి ఖాళీ అయితే కన్ను కనిపెట్టి మిషన్‌ను ఆపేసేది. ఎర్ర దీపం వెలిగేది. ఆగిన మిషన్‌ను మళ్లీ నడిపించే తాళంచెవి కిరీటి దగ్గర ఉండేది.

మిషన్ ముందు కుర్చీలో నాంచారమ్మ కూర్చునేది. యాభై దాటిన మనిషి. అంతకుముందు ఇరవై ఏళ్లు కొమ్ముల షెడ్డులో పసుపు కొమ్ములు చెరిగి, ఆ దుమ్ముకు ఆయాసం తెచ్చుకుంది. మిషన్ వచ్చినప్పుడు, నేర్చుకుంటానని తనే ముందుకొచ్చింది. ఎవరూ అనుకోనంత బాగా నేర్చుకుంది. మిషన్ ఉన్న అద్దాల గదిలో కూర్చుని పని చేయడం మొదలయ్యాక ఆమె ఛాతీలో పిల్లికూతలు తగ్గాయి, రాత్రిళ్లు నిద్ర పట్టసాగింది. ఆ కుర్చీ అంటే ఆమెకు ప్రాణం. అది మర్యాద కోసం కాదు, ఊపిరి కోసం.

ఆషాఢం వెళ్లిపోతూ ఉంది. శ్రావణమాసం నోముల కోసం పసుపు పొట్లాలు ఎన్ని పంపినా చాలడం లేదు. సరిగ్గా అప్పుడే మిషన్ మొరాయించడం మొదలుపెట్టింది. రోజుకు మూడుసార్లు, నాలుగుసార్లు ఎర్ర దీపం వెలిగి ఆగిపోయేది.

సోమవారం పూర్ణానందం గారు కిరీటిని పిలిచారు. "తప్పు మిషన్‌దా, మనిషిదా? శుక్రవారం లోపల నాకు తేల్చి చెప్పు. మిషన్‌లో లోపం ఏమీ లేదంటే, ఆవిడకు చేతకావడం లేదన్నమాట. మళ్లీ కొమ్ముల షెడ్డుకు పంపించేస్తాను" అన్నారు.

"అర్థమైందండీ" అన్నాడు కిరీటి. ఈసారి నిజంగానే అర్థమైంది. కొమ్ముల షెడ్డు పక్కనుంచి నడిచినప్పుడల్లా అతనికే దగ్గొచ్చేది. నాంచారమ్మ సంగతి చెప్పేదేముంది. ఆమెను ఎలాగైనా ఆ షెడ్డుకు పంపనివ్వకూడదని గట్టిగా అనుకున్నాడు. మనసు మంచిదే, అందులో అనుమానం లేదు.

మంగళవారం పొద్దున్నే ఎర్ర దీపం వెలిగింది. కిరీటి వర్క్‌షాపు నుంచి పరుగెత్తుకొచ్చాడు. వర్క్‌షాపు ఆవరణకు అటు చివర, మిషన్ ఇటు చివర. ఎంత పరుగెత్తినా అయిదారు నిమిషాలు పట్టేది. వచ్చి మిషన్ తెర మీద చూశాడు. చిన్న తొట్టిలో పసుపు లేదని అక్కడ రాసి ఉంది. తొట్టి మూత తీసి చూశాడు. పసుపు అంచుల దాకా ఉంది. మూత మళ్లీ వేసి, మళ్లీ తీసి చూశాడు. ఉన్న పసుపు ఉన్నట్టే ఉంది.

పక్కన బల్ల మీద నాంచారమ్మ రాసే పుస్తకం ఉంది. మిషన్ ఎప్పుడు ఆగిందో, ఎందుకు ఆగిందో అందులో రాయాలి. ఆ రోజు ఆమె గుండ్రటి అక్షరాలతో ఇలా రాసింది: 'తొమ్మిదింబావు. పసుపు నిండుకుంది. మిషను ఆగింది.'

కిరీటి కూడబలుక్కుని చదివాడు. నిండుకుంది. అంటే నిండా ఉందనే కదా. తను కళ్లారా చూసిందీ అదే. పుస్తకం నిండా ఉందంటోంది, తొట్టి నిండా ఉంది, తెర మాత్రం లేదంటోంది. అయితే కన్నే అబద్ధం చెబుతోందన్నమాట.

మీకు నవ్వొస్తూ ఉండవచ్చు. కిరీటికి రాలేదు. భిలాయిలో వాళ్లమ్మ బియ్యం డబ్బా ఖాళీ అయితే 'ఖతం' అనేది. నిండుకోవడమంటే ఏమిటో అతనికి ఎవరూ చెప్పలేదు, అతను ఎవరినీ అడగనూ లేదు.

అతను తాళం తిప్పగానే మిషన్ ఏమీ ఎరగనట్టు నడిచింది. అతనికి మతి పోయింది. కన్ను పాడైతే ఇప్పుడెలా నడుస్తోంది? కన్ను మంచిదైతే ఇందాక ఎందుకాగింది?

నాంచారమ్మ అటక మెట్ల పక్కన నిలబడి ఉంది. ఆమె చేతిలో చెక్క సుత్తి ఉంది, ఆయాసపడుతోంది. పసుపు మిషన్ నడిపే మనిషికి సుత్తితో ఏం పని అని కిరీటికి ఒక్క క్షణం అనిపించింది. ఏదో ఉంటుందిలే అనుకుని అడగలేదు.

"బాబూ, పైన చప్పుడు..." అని ఆమె మొదలుపెట్టింది.

"అర్థమైందండీ నాంచారమ్మ గారూ" అన్నాడు కిరీటి.

ఆమె నోరు మూసుకుంది. చదువుకున్నవాడు, అర్థమైందంటున్నాడు కదా అనుకుంది.

తెలుగులో ఉన్నదో లేదో మాట చివరన గాని తేలదు. ఆ చివర దాకా ఆగే ఓపిక కిరీటికి లేదు. పైన చప్పుడు వస్తోందనుకుని, ఆ మధ్యాహ్నమంతా అటక మెట్ల మీద కూర్చుని చెవులు రిక్కించాడు. కిందనుంచి పొట్లాల మిషన్ టకటక వినబడింది. రేకుల మీద వాన వినబడింది. పెద్ద తొట్టి దగ్గర్నుంచి మాత్రం చీమ చిటుక్కుమన్న అలికిడి లేదు. ఆమె చెప్పిన చప్పుడు ఏదో అంతుబట్టక, మరింత అయోమయంలో పడి దిగొచ్చాడు.

బుధవారం కన్నును విప్పి మెత్తటి గుడ్డతో తుడిచాడు. పసుపు అంటి ఉంటుంది, అందుకే సరిగా చూడలేకపోతోంది అనుకున్నాడు. పదకొండింటికి మిషన్ ఆగింది. పరుగెత్తాడు. మూత తీశాడు. తొట్టి నిండా పసుపు. పుస్తకంలో 'పసుపు నిండుకుంది'.

కన్ను మార్చి కొత్తది బిగించాడు. రెండింటికి ఆగింది. తొట్టి నిండా పసుపు. పుస్తకంలో అదే మాట.

కన్ను నుంచి వెళ్లే తీగ మార్చాడు. నాలుగింటికి ఆగింది. ఈసారి తొట్టి వంక చూడలేదు, పుస్తకం వంకా చూడలేదు. గోడకు చేరగిలబడి తల పట్టుకున్నాడు. కొత్త కన్ను, కొత్త తీగ. అయినా అబద్ధమే చెబుతోంది. పోనీ ఎప్పుడూ అబద్ధమే చెబుతుందా అంటే అదీ కాదు, రోజంతా నిజం చెప్పి నాలుగుసార్లు మాత్రం అబద్ధమాడుతుంది. ఇలాంటి జబ్బు గురించి అతను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

గురువారం మిషన్ ప్రోగ్రామ్ మొత్తం మొదటి నుంచి చివర దాకా చూశాడు. అందులో వంక పెట్టడానికేమీ లేదు. మధ్యాహ్నం నాంచారమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది.

"బాబూ, ఒక్కమాట. పైనుంచి రావాల్సింది..."

"అర్థమైందండీ. నేను చూసుకుంటాను. మీరు బెంగపెట్టుకోకండి."

"బెంగ కాదు బాబూ..."

"మిమ్మల్ని షెడ్డుకు పంపనివ్వను. సరేనా?"

ఆ మాటకు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత చెప్పాల్సిన మాట అక్కడే ఆగిపోయింది. కిరీటి మజ్జిగ తాగి మళ్లీ తెర ముందు కూర్చున్నాడు.

శుక్రవారం పొద్దున అతనికి ఒక ఉపాయం తోచింది. నిజానికి అది ఉపాయం కాదు, విసుగు. కన్ను అబద్ధం చెబుతోందని రూఢి అయినప్పుడు దాని మాట వినడం ఎందుకు? కన్ను నుంచి వచ్చే తీగను విప్పేసి, ఆ చోట చిన్న తీగముక్క కలిపాడు. ఇక తొట్టిలో పసుపు ఉన్నా లేకపోయినా ఉందనే అనుకుంటుంది మిషన్.

ఎర్ర దీపం వెలగలేదు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. పచ్చ దీపం అలాగే వెలుగుతూ ఉంది. కిరీటి పూర్ణానందం గారి దగ్గరికి వెళ్లి, "మిషన్‌దే తప్పండీ. సరిచేశాను. ఆవిడ తప్పేమీ లేదు" అని చెప్పాడు. ఆయన సంతోషించారు.

మిషన్ దగ్గరికి తిరిగి వచ్చేసరికి పన్నెండయింది. "నాంచారమ్మ గారూ, ఇక ఇది ఆగదు. వెళ్లి తీరిగ్గా భోంచేసి రండి. నేనుంటాను" అన్నాడు.

నాంచారమ్మ అనుమానంగా అటక వైపు చూసింది. "సుత్తి అక్కడ పెట్టాను బాబూ" అంది.

"అర్థమైందండీ."

ఆమె వెళ్లింది. కిరీటి ఆమె కుర్చీలో కూర్చుని పచ్చ దీపాన్ని చూస్తూ గడిపాడు. నాలుగు రోజుల తర్వాత గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాడు. పొట్లాలు టకటకమని వెనక్కి పడుతున్నాయి, పెట్టెలు మూతలు వేసుకుంటున్నాయి. దీపం నుంచి చూపు తిప్పి ఆ పొట్లాల్లో ఒక్కదాన్ని చేతిలోకి తీసుకుని ఉంటే ఈ కథ ఇంతటితో అయిపోయేది.

ఒంటి గంటకు హమాలీ ఏసోబు అద్దాల తలుపు తట్టాడు. లారీలోకి పెట్టెలు ఎక్కించేది అతనే. భుజాన ఒక పెట్టె ఉంది. దాన్ని ఒక్క చేత్తో దించి బల్ల మీద పెట్టాడు.

"సారూ, నేను ముప్ఫయ్యేళ్ల నుంచి పసుపు మోస్తున్నా. ఇంత తేలిక పసుపు ఎప్పుడూ మోయలేదు. లారీలోకి ఇట్టాంటివి పన్నెండు పెట్టెలు ఎక్కాయి" అన్నాడు.

కిరీటి టేపు కోసి పెట్టె తెరిచాడు. ఒక పొట్లం తీశాడు. బొద్దుగా ఉంది. చింపాడు. బుస్సుమని గాలి పోయింది. లోపల చిటికెడు పసుపు కూడా లేదు. ఇంకొకటి చింపాడు. అదీ గాలే. చిన్న తొట్టి మూత తీసి చూశాడు. తొట్టి అడుగు కనబడుతోంది.

అప్పుడు అతను పూర్తిగా గందరగోళంలో పడ్డాడు. మూడు రోజులు కన్ను పసుపు లేదంటే తొట్టి నిండా ఉంది. ఇప్పుడు మిషన్ ఉందంటుంటే తొట్టి ఖాళీగా ఉంది. ఏది నిజమో, ఏది అబద్ధమో, తనకు కళ్లున్నాయో లేవో కూడా అతనికి తెలియలేదు.

ఏసోబు కబురు పెడితే పూర్ణానందం గారు వచ్చారు. భోజనం సగంలో వదిలి నాంచారమ్మ కూడా వచ్చింది. పూర్ణానందం గారు ఖాళీ పొట్లం ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు.

"నోము రోజున ఒక ఇల్లాలు పీట ముందు కూర్చుని, పసుపు పొట్లం విప్పితే గాలి వస్తే ఎట్లా ఉంటుందయ్యా?" అన్నారు. "ఎవరు చేసిన పని ఇది?"

కిరీటి భయపడ్డాడు. భయపడ్డప్పుడు మనిషి తన నోట్లోంచి ఏం వస్తుందో చూసుకోడు. "నేను పుస్తకం చూసే చేశానండీ. పసుపు నిండా ఉందని ఈవిడ రోజూ రాసింది. అది నమ్మే కన్ను తీగ తప్పించాను. ఈవిడ తప్పు రాసింది" అన్నాడు.

అనగానే నాలిక్కరుచుకున్నాడు, కాని మాట దాటిపోయింది. పూర్ణానందం గారి ముఖం ఎర్రబడింది. "నాంచారమ్మా, ఇంజనీరు నీ రాత నమ్మాడు. నువ్వు ఇట్లా రాస్తే ఎట్లా? రేపటి నుంచి కొమ్ముల షెడ్డుకు వెళ్లు" అన్నారు.

నాంచారమ్మ ముఖం పాలిపోయింది. ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. పుస్తకం తెచ్చి కిరీటి చేతిలో పెట్టింది.

"నేను ఏం తప్పు రాశానో పదిమందిలో చదవండి బాబూ. తప్పయితే నేనే వెళ్తాను" అంది.

కిరీటి పుస్తకం తెరిచాడు. "మంగళవారం. తొమ్మిదింబావు. పసుపు నిండుకుంది. మిషను ఆగింది" అని చదివాడు. పేజీ తిప్పాడు. "బుధవారం. పదకొండు. పసుపు నిండుకుంది." తల ఎత్తి, "చూశారుగా" అన్నాడు.

ఏసోబు ముందు పూర్ణానందం గారి వంక, తర్వాత నేల వంక చూశాడు. నాంచారమ్మ ముఖంలో కోపం పోయి ఏదో జాలి వచ్చింది.

"సరిగ్గానే రాసింది కదయ్యా" అన్నారు పూర్ణానందం గారు మెల్లగా.

కిరీటి అందరి ముఖాల వంకా చూశాడు. వాళ్లందరికీ తెలిసినదేదో తనకు తెలియలేదు. మెడ అలవాటు ప్రకారం ఊగబోయింది. 'అర్థమైంది' అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆ ఒక్కమాట అనేస్తే ఎవరూ నవ్వరు, ఏదో ఒకటి చెప్పి బయటపడవచ్చు. అప్పుడే నాంచారమ్మ దగ్గింది. ఆ దగ్గు విన్నాక ఆ మాట అతని నోరు దాటలేదు.

"నాకు అర్థం కాలేదు" అన్నాడు. "నిండుకుంది అంటే ఏమిటండీ?"

అతను అలా అడగడం ఆ ఫ్యాక్టరీలో అదే మొదటిసారి. అతను భయపడినట్టు ఎవరూ నవ్వలేదు.

"లేదని బాబూ" అంది నాంచారమ్మ. "పసుపు, కుంకుమ, ఉప్పు, బియ్యం లాంటివి ఖాళీ అయితే లేవు అనకూడదు. నిండుకున్నాయి అంటాం. శ్రావణమాసం ముందర పసుపు లేదని నా చేత్తో ఎట్టా రాస్తాను?"

కిరీటి పుస్తకం వంక మళ్లీ చూశాడు. అవే అక్షరాలు. ఇన్ని రోజులూ ఆమె నిజమే రాసింది. కన్ను నిజమే చెప్పింది. తెర నిజమే చూపించింది. అబద్ధమాడింది తన తల ఒక్కటే. అతనికి సిగ్గుతో ముఖం వేడెక్కింది.

"మరి నేను వచ్చి మూత తీసేసరికి తొట్టి నిండా ఉండేది. అదెలాగండీ?" అని అడిగాడు. ఈసారి తల ఊపకుండా, మాట చివర దాకా ఆగాడు.

"మీరు వచ్చేలోగా నేను అటకెక్కి పెద్ద తొట్టిని సుత్తితో కొట్టేదాన్ని కదా. వానకు చెమ్మ పట్టి పసుపు లోపల అంటుకుపోతోంది, కిందికి జారడం లేదు. పైన తొట్టిని ఊపడానికి చిన్న మోటారు ఉంది. పది రోజుల నుంచి పైన దాని చప్పుడు రావడం లేదు. అదే మీకు చెబుదామని..."

ఆమె వాక్యం పూర్తి చేయలేదు. చేయాల్సిన అవసరం కూడా లేకపోయింది. కిరీటి అటకెక్కి చూశాడు. పెద్ద తొట్టి వెనక చిన్న మోటారు ఉంది, దాని తీగను ఎలుక కొరికేసింది. పావుగంటలో కొత్త తీగ వేశాడు. మోటారు బుర్రుమంది, తొట్టి వణికింది, పసుపు జరజరా జారి కింద పడింది. కిందికి దిగొచ్చి కన్ను తీగను మళ్లీ దాని చోట కలిపాడు. పది రోజుల జబ్బుకు పావుగంట వైద్యం.

తర్వాత పూర్ణానందం గారి ముందు నిలబడ్డాడు. "తప్పు మిషన్‌దీ కాదు, ఆవిడదీ కాదండీ. నాది. తెలియని మాటను తెలిసినట్టు చదివాను. నా తప్పు ఆవిడ మీదికి తోశాను. షెడ్డుకు పంపాలంటే నన్ను పంపండి" అన్నాడు.

పూర్ణానందం గారు పుస్తకం తీసుకుని పేజీలు తిప్పారు. ప్రతి పేజీ అడుగున ఆయన సంతకం ఉంది. పెట్టేటప్పుడు ఒక్కరోజైనా పై వాక్యం చదివి ఉంటే సోమవారమే సంగతి తేలేది.

"నాంచారమ్మా, నేనూ చూడకుండా సంతకాలు పెట్టాను. తొందరపడి నిన్ను మాటన్నాను. నీ కుర్చీ నీదే. ఏమనుకోకు" అన్నారు. కిరీటి వైపు తిరిగి, "ఆ పన్నెండు పెట్టెలూ లారీలోంచి నువ్వే దించు. పొట్లాలు ఒక్కొక్కటీ నువ్వే విప్పు. అన్నీ సరిగా కట్టాకే లారీ కదులుతుంది" అన్నారు.

కిరీటి చొక్కా చేతులు మడిచి పెట్టెలు దించసాగాడు. మూడో పెట్టె దగ్గర నాంచారమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కత్తెర అందుకుని తనూ పొట్లాలు కోయసాగింది.

"మీరెందుకండీ?" అన్నాడు కిరీటి.

"ఇద్దరం చేస్తే తెమిలిపోతుంది" అంది ఆమె.

'తెమిలిపోవడం' అంటే ఏమిటో కిరీటికి తెలియదు. కత్తెర కింద పెట్టి, అడిగి తెలుసుకుని, మళ్లీ కత్తెర తీసుకున్నాడు.

నీతి: అర్థం కానిదాన్ని అర్థం కాలేదని చెప్పడంలో సిగ్గు లేదు, అర్థమైనట్టు తల ఊపినవాడి తప్పు చివరికి ఏ పాపమూ ఎరగనివాళ్ల మీద పడుతుంది.